గ్రామ వై-ఫై రద్దీవేళ ఏల ఆగును?

పంచాయతీ కార్యాలయమునకు అంతర్జాల సౌకర్యము చేరిన గ్రామములనుండి తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. ఉదయము కార్యాలయము తెరచిన వేళ నలుగురైదుగురు మాత్రమే ఉన్నప్పుడు పనులన్నియు చక్కగా సాగును. పదకొండు గంటలకు జనము చేరుదురు. ఒక్కొక్కరి చేత ఒక్కొక్క ఫోను ఉండును. అప్పుడు ఫోనులో వై-ఫై గుర్తు కనబడుచునే యుండును గాని పుట తెరచుకొనదు. సగము నింపిన దరఖాస్తు అట్లే నిలిచిపోవును. ఎవరో ఒకరు పోయి రౌటరు పెట్టెను ఆపి మరల వెలిగింతురు. కొంతసేపు బాగుండును. పిదప కథ మరల మొదటికే వచ్చును.

ఈ ఇబ్బందిని చిన్నదిగా భావింపరాదు. ఉద్యోగ విరమణ పింఛను పొందువారు ఏటేట తాము జీవించియున్నట్లు ఋజువు చూపవలసి యుండును. 2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో ఈ ఋజువు అంతర్జాలము ద్వారానే జరుగును. విద్యార్థులు ఉపకార వేతనమునకు, ప్రవేశ పరీక్షలకు దరఖాస్తులు పంపునది దీనిద్వారానే. పంచాయతీ ప్రణాళికలు, లెక్కలు సయితము 2020 ఏప్రిల్ 24న వెలువడిన ఇ-గ్రామస్వరాజ్ లోనే నమోదు కావలెను. ఆఖరి తేదీనాడు సౌకర్యము నిలిచిపోయినచో, తన ఫోనులో డబ్బు వేయించుకొనగలవాడు ఎట్లో పని గడుపుకొనును. ఆ స్తోమత లేనివాడే ఉత్తచేతులతో ఇంటికి మరలును. కావున ఇది యంత్రమునకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. ఉన్నదానిని అందరికిని పంచుటకు సంబంధించిన సమస్య. పంపకము పంచాయతీ ధర్మము.

సౌకర్యము ఆగినపుడు సాధారణముగా సభ్యులకు తోచు మొదటి ఆలోచన, “వేగము చాలకున్నది, ఇంకను హెచ్చు వేగము కొనవలెను” అనునది. పెక్కుచోట్ల ఈ విధముగా సొమ్ము వ్యయమగును గాని లోపము అట్లే నిలిచియుండును. లోపము ఎచట నున్నదో తెలిసికొనకయే వైద్యము చేయుట తగదు. ఎచట నున్నదో తెలిసికొనుటకు ఇంజనీరు కానక్కరలేదు. ఒక కంప్యూటరు, ఒక తీగ, ఒక నోటుపుస్తకము, కొంచెము ఓర్పు ఉన్నచో చాలును. ఆ విధమును తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

మూడు చోట్లు

మనకు అంతర్జాలము వచ్చు మార్గమును మూడు భాగములుగా చూడవచ్చును. మొదటిది బయటి తీగ. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలను ఫైబరు తీగతో కలుపుటకు ఒక పథకమును ఆమోదించినది. అదియే తరువాత భారత్‌నెట్ అను పేరు వహించినది. ఈ పథకము ద్వారానో, రాష్ట్ర సంస్థ ద్వారానో, ప్రయివేటు సంస్థ ద్వారానో ఫైబరు తీగ మన కార్యాలయపు గోడవరకు వచ్చును. వెండ్రుకవలె సన్నమైన గాజు పోగులో వెలుగు ప్రయాణించుట ద్వారా సమాచారము చేరును.

రెండవది పెట్టె. వెలుగును విద్యుత్ సంకేతముగా మార్చునది ఒకటి, దానిని పలువురికి పంచు రౌటరు ఒకటి. కొన్నిచోట్ల ఈ రెండును ఒకే పెట్టెలో ఇమిడియుండును.

మూడవది గాలి. రౌటరు కొమ్ములనుండి ఫోనులవరకు సమాచారము రేడియో తరంగములుగా పోవును. ఇచట తీగ లేదు, హద్దు లేదు.

పంట కాలువతో దీనిని పోల్చవచ్చును. బయటి తీగ ప్రధాన కాలువ, పెట్టె తూము, గాలి పిల్లకాలువ. చివరి పొలమునకు నీరందనిచో జలాశయములో నీరు లేదని వెంటనే అనము. తూము సరిగా తెరచుకొన్నదా, పిల్లకాలువ పూడినదా, పైభూముల వారు అడ్డుకట్ట వేసిరా అని చూతుము. ఇచటను అట్లే చూడవలెను.

వేగపు లెక్క

వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. 8 బిట్లు ఒక బైటు. కావున 40 మెగాబిట్ల పథకమనగా సెకండుకు 5 మెగాబైట్లు మాత్రమే. దరఖాస్తు పుట తెరచుటకు దీనిలో స్వల్పభాగము, అదియు కొద్ది సెకండ్లసేపు చాలును. మంచి స్పష్టత గల వీడియో చూచుటకు సుమారు 5 మెగాబిట్లు ఎడతెగక కావలెను. అనగా ఎనిమిదిమంది వీడియోలు చూచుచున్నచో 40 మెగాబిట్లును వారికే సరిపోవును. తొమ్మిదవవాడు పింఛను పనిమీద వచ్చిన వృద్ధుడైనను అతనికి మిగులునది లేదు.

ఈ లెక్కలో పలువురు గమనింపని అంశము మరియొకటి కలదు. సమాచారము మనకు వచ్చుటకు ఒక వేగము, మననుండి పోవుటకు వేరొక వేగము ఉండును. కొన్ని పథకములలో పోవు వేగము తక్కువ. ఫోనులు మన ప్రమేయము లేకుండగనే వై-ఫై దొరకిన వెంటనే తీసిన ఫొటోలను, వీడియోలను దూరపు నిలువకు పంపుట మొదలిడును. అట్టి ఫోనులు పది చేరినచో పోవు మార్గము నిండిపోవును. పుట తెరువుమని మనము పంపు చిన్న కోరిక కూడ ఆ మార్గముననే పోవలెను గదా. బండ్లు బారులు తీరిన వంతెనవద్ద సైకిలువాడు సయితము నిలువవలసినట్లు ఆ చిన్న కోరికయు వరుసలో నిలుచును. అందుచే వచ్చు మార్గము ఖాళీగా ఉన్నను పని జరుగదు. సౌకర్యము తెగిపోయినదని మనమనుకొందుము; నిజమునకు అది తెగలేదు, వరుసలో చిక్కుకొన్నది.

గాలి అందరిది

గాలిని పంచుకొనుటలోని చిక్కు క్రొత్తది కాదు. హవాయి విశ్వవిద్యాలయమున ఆచార్య నార్మన్ అబ్రామ్సన్, ఆయన సహచరులును 1971లో అలోహానెట్ అను తీగలేని జాలమును నడపిరి. వేర్వేరు దీవులలోని యంత్రములు ఒకే రేడియో మార్గమున సందేశములు పంపవలసి యుండెను. ఎవరికి తోచినపుడు వారు పంపుటచే రెండు సందేశములు ఒకే క్షణమున ఢీకొని రెండును చెడుచుండెను. చెడినవానిని మరల పంపవలెను. అందుచే రద్దీ ఇంకను పెరుగును. ఇట్టి పద్ధతిలో ఆ మార్గపు శక్తిలో సుమారు 18 శాతమునకు మించి ఉపయోగపడదని అబ్రామ్సన్ లెక్కగట్టి చూపెను.

1997లో మొదటి ప్రమాణము వెలువడిన వై-ఫై ఇంతకంటె మర్యాద నేర్చినది. ప్రతి యంత్రమును ముందు వినును. ఎవరును మాటలాడకున్నచో తాను మాటలాడును. అయినను ఒక మార్గమున ఒకసారి ఒక్కరే మాటలాడవలెనను నియమము తప్పలేదు. గ్రామసభలో అధ్యక్షుడు లేకుండగా ఎవరికివారే వంతు చూచుకొని మాటలాడుచున్నట్లు భావింపవచ్చును. ఐదుగురున్నచో సభ చక్కగా సాగును. యాబదిమంది ఉన్నచో వంతుకొరకు నిరీక్షించుటకే కాలము చెల్లును. పైగా గోడకు ఇటునున్న ఫోను మాట అటునున్న ఫోనుకు వినబడక, ఇద్దరును ఒకేసారి మాటలాడి రెండు మాటలును చెడుట కూడ జరుగుచుండును.

దూరమున నున్న ఫోను మరియొక చిక్కు తెచ్చును. సంకేతము బలహీనమైనచో యంత్రములు నెమ్మదిగా మాటలాడుకొనును. దగ్గరి ఫోను 60 మెగాబిట్ల వేగముతో ఒక సెకండులో ముగించు పనిని, చెట్టుక్రింద కూర్చున్న దూరపు ఫోను 6 మెగాబిట్ల వేగముతో పది సెకండ్లు చేయును. ఆ పది సెకండ్లును గాలి అతనిదే. కావున ఒకే ఒక దూరపు ఫోను అందరి వేగమును క్రుంగదీయగలదు. ఆ ఫోను యజమాని దోషమేమియు ఇందు లేదు. పెట్టెను ఎచట నుంచవలెనో ఆలోచింపని మన దోషమే అది.

ఇక మార్గముల విషయము. వై-ఫై ముఖ్యముగా రెండు పట్టీలలో నడచును. ఒకటి 2.4 గిగాహెర్ట్జులది, రెండవది 5 గిగాహెర్ట్జులది. 2.4 పట్టీలో మన దేశమున 13 మార్గములున్నట్లు కనబడును గాని, అవి ఒకదానిపై ఒకటి పడుచుండును. ఒకదానినొకటి తాకక నడచునవి 1, 6, 11 సంఖ్యల మార్గములు మూడే. బ్లూటూతు పరికరములు, మైక్రోవేవ్ పొయ్యిలు సయితము ఈ పట్టీలోనే సందడి చేయును. 5 పట్టీలో మార్గములు ఎక్కువ, సందడి తక్కువ. 2018లో ఈ పట్టీలో విశాలమైన భాగమునకు లైసెన్సు అవసరము లేకుండ మన కేంద్ర ప్రభుత్వము సడలింపు నిచ్చినది. అయితే 5 పట్టీ తరంగములు గోడలను దాటుటలో బలహీనములు. కార్యాలయములోపల ఉన్నవారికి 5 పట్టీ, అరుగుమీదను ఆవరణలోను ఉన్నవారికి 2.4 పట్టీ అనుకూలించును.

పెట్టె అలసిపోవుట

కొన్నిచోట్ల తీగయు గాలియు చక్కగనే యుండును. పెట్టె మాత్రము జనసమ్మర్దమునకు తాళలేదు. ఇందుకు ముఖ్యకారణములు నాలుగు.

మొదటిది సంఖ్యల కొరత. చేరిన ప్రతి ఫోనుకును రౌటరు ఒక సంఖ్యను కేటాయించి, దానిని ఇంతకాలమని అతనికే ఉంచును. రౌటరులో 100 సంఖ్యలు మాత్రమే కేటాయింపబడి, గడువు 24 గంటలుగా ఉన్నదనుకొందము. ఉదయము వచ్చి పది నిముషములలో వెళ్లిపోయినవాని సంఖ్య కూడ మరునాటివరకు అతని పేరనే ఉండును. నూటయొకటవవానికి సంఖ్య దొరకదు. పాతవారికి పని జరుగుచు, క్రొత్తగా వచ్చినవారికి మాత్రమే చేరుట సాధ్యము కాకున్నచో ఇదియే కారణమని అనుమానింపవచ్చును. గడువును ఒక గంటకో రెండు గంటలకో తగ్గించినచో ఖర్చు లేకుండగనే ఈ చిక్కు తీరును.

రెండవది జ్ఞాపకశక్తి చాలకపోవుట. ప్రతి ఫోనును ఒక్కసారిగా పదులకొలది సంబంధములు తెరచియుంచును. రౌటరు వాని నన్నిటిని తన పట్టికలో వ్రాసికొనవలెను. ఒక కుటుంబము కొరకు తయారైన చిన్న రౌటరును ఊరంతటికి పెట్టినచో ఆ పట్టిక నిండి పెట్టె స్తంభించును. దీపములు వెలుగుచునే యుండును. అందరికిని ఒక్కసారిగా ఆగిపోవును. ఆపి వెలిగించినచో కొన్ని గంటలు బాగుండును. లోపము ఇట్టిదైనచో వేగము పెంచినందువలన ప్రయోజనము లేదు, రౌటరునే మార్చవలెను.

మూడవది వేడి. ఇండ్లకొరకు చేయబడిన రౌటర్లు పెక్కు 40 డిగ్రీల సెంటీగ్రేడువరకే తాళునట్లు తయారైనవి. మన రెంటచింతల, రామగుండము ప్రాంతములలో వేసవి ఎండ అంతకు మించునని అందరెరిగినదే. దొంగతనమునకు వెరచి రౌటరును ఇనుప బీరువాలో పెట్టి తాళము వేయుట పరిపాటి. ఇనుము తరంగములను అడ్డును, వేడిని లోపలనే నిలుపును. గోడమీద ఎత్తున, గాలి తగులుచోట, చిల్లుల జాలీ గల చెక్క చట్రములో అమర్చుట మేలు.

నాలుగవది విద్యుత్తు. రౌటరుతో వచ్చిన అడాప్టరు చెడినపుడు చేతికందిన వేరొక అడాప్టరును తగిలింతురు. రౌటరుకు 12 వోల్టులు, 1 ఆంపియరు కావలసియుండగా, 12 వోల్టులు, అర ఆంపియరు ఇచ్చునది తగిలించినచో ఒకరిద్దరున్నపుడు పెట్టె నడచును. జనము పెరిగి రౌటరు ఎక్కువ శ్రమించినపుడు విద్యుత్తు చాలక తనంతట తానే ఆగి మరల వెలుగును. రద్దీవేళ దీపములన్నియు ఒక్కసారి ఆరి వెలుగుచున్నచో మొట్టమొదట చూడవలసినది అడాప్టరునే. వోల్టులు సరిగా అన్నియే ఉండవలెను. ఆంపియర్లు అన్నియైనను ఉండవచ్చును, అంతకు మించియైనను ఉండవచ్చును, తక్కువ మాత్రము ఉండరాదు.

పరీక్షించు క్రమము

ఇక లోపమున్న చోటును కనుగొనుట ఎట్లో చూతము. సౌకర్యము ఆగిన క్షణముననే రౌటరును ఆపి వెలిగించుట తగదు. అట్లు చేసినచో దొంగ అడుగుజాడలను మనమే చెరిపివేసినట్లగును. ముందుగా ఈ క్రింది నాలుగు పనులు చేయవలెను. ఇందుకు ఐదు నిముషములకు మించి పట్టదు.

ఒకటి: దీపములు చూడుడు. ఫైబరు పెట్టెమీద ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో, ఆరివెలుగుచున్నచో సాధారణముగా వెలుగు మన పెట్టెవరకు వచ్చుట లేదని గుర్తు. అట్లైనచో తీగ ఎచటనో తెగియుండును, లేదా మలుపులో నలిగియుండును. ఫైబరు తీగను విద్యుత్తు తీగవలె మడచి మేకుకు కట్టరాదు. ఊడిన కొనలోనికి కంటితో చూడరాదు. అందలి వెలుగు కనబడదు గాని కంటికి హాని కలిగింపవచ్చును. ఇది మనము చేయదగిన మరమ్మతు కాదు, సంస్థవారికి తెలుపవలెను.

రెండు: తీగతో చూడుడు. ఒక కంప్యూటరును రౌటరుకు తీగతో కలిపియుంచుడు. ఫోనులన్నియు ఆగినపుడు ఈ కంప్యూటరులో పని జరుగుచున్నదా? జరుగుచున్నచో బయటి తీగ మంచిదే. లోపము గాలిలో ఉన్నది, లేదా సంఖ్యల కొరతలో ఉన్నది. కంప్యూటరులోను ఆగినచో లోపము పెట్టెలోనో బయటనో ఉన్నది. ఈ ఒక్క పరీక్షతోనే సగము దారి తెలియును.

మూడు: పింగు చేసి చూడుడు. కంప్యూటరులో పింగు అను ఆజ్ఞ కలదు. అది ఒక చిన్న సందేశమును పంపి, జవాబు వచ్చుటకు పట్టిన కాలమును మిల్లీసెకండ్లలో చూపును. మొదట రౌటరు సంఖ్యకు పంపవలెను. పెక్కు రౌటర్లకు అది 192.168.1.1 గాని 192.168.0.1 గాని యగును. పిదప బయటి సంఖ్యయైన 8.8.8.8 కు పంపవలెను. తీగతో కలిపియున్నను రౌటరే జవాబు చెప్పనిచో పెట్టె స్తంభించినది. రౌటరు వెంటనే పలికి, బయటినుండి జవాబే రానిచో లోపము బయటి తీగలో ఉండవచ్చును. బయటినుండి జవాబు వచ్చుచున్నను, ఉదయము 30 మిల్లీసెకండ్లు పట్టినది ఇప్పుడు 1000 పట్టుచున్నచో మార్గము నిండి వరుస పెరిగినది. ఎవరి ఫోనులో, ఏ కంప్యూటరులో పెద్ద దస్త్రములు పోవుచున్నవో చూడవలెను.

నాలుగు: ఇరుగుపొరుగును అడుగుడు. అదే సంస్థనుండి సౌకర్యము పొందిన ఊరిలోని ఇతరులకు కూడ అదే వేళ ఆగినదా? పెక్కుచోట్ల ఒకే ఫైబరు పోగులోని వెలుగును మార్గమధ్యమున చీల్చి 32 ఇండ్లకు, 64 ఇండ్లకు పంచుదురు. సాయంకాలము ఊరంతటను నెమ్మదించినచో రద్దీ మన కార్యాలయములోనిది కాదు.

ఈ నాలుగింటి ఫలితమును నోటుపుస్తకములో వ్రాయవలెను. తేదీ, వేళ, కార్యాలయములో ఉన్నవారి సంఖ్య, దీపముల స్థితి, తీగ కంప్యూటరు స్థితి, పింగు కాలము, చేసిన పని అను ఏడు గడులు చాలును. జనము లేని ఉదయవేళ తీగతో కొలిచిన వేగమును కూడ రోజుకొక్కసారి వ్రాయవలెను. ఇట్లు వారము రోజులు వ్రాసినచో లోపము తానే బయటపడును. ఆ ఉదయపు వేగమే మనము సొమ్ము చెల్లించిన వేగముకంటె ఎప్పుడును బాగుగ తక్కువగా ఉన్నచో సంస్థను ప్రశ్నించుటకు ఆ పుస్తకమే సాక్ష్యము. “మాకు సరిగా వచ్చుట లేదు” అను మాటకు ప్రత్యుత్తరము సులభము; ఏడు దినముల అంకెలకు ప్రత్యుత్తరము అంత సులభము కాదు.

చేయదగిన మార్పులు

లోపము తెలిసినపిదప చికిత్సను ఖర్చులేనిదానితో మొదలిడి ఖర్చు గలదానికి క్రమముగా పోవలెను.

కార్యాలయపు కంప్యూటర్లను, వ్రేలిముద్ర యంత్రము కలిపిన కంప్యూటరును తీగతో కలుపవలెను. తీగకు తన దారి తనకున్నది. గాలిలోని రద్దీ దానిని తాకదు. ఈ ఒక్క మార్పుతో ముఖ్యమైన పనులకు గాలిలోని గొడవనుండి రక్షణ లభించును.

రౌటరును కార్యాలయము నడుమకు, తలకు మించిన ఎత్తునకు మార్చవలెను. ఇరుగుపొరుగు రౌటర్లు ఏ మార్గమున నడచుచున్నవో ఫోనులో చూపు ఉచిత సాధనములు కలవు. వానిని బట్టి 1, 6, 11 లలో సందడి తక్కువగా ఉన్నదానిని ఎన్నుకొనవలెను. రెండు పట్టీలును తెరచియుంచవలెను. సంఖ్యల గడువు తగ్గించవలెను.

పెక్కు రౌటర్లలో అతిథుల కొరకు వేరొక జాలమును తెరచు ఏర్పాటు కలదు. వచ్చువారికి దాని సంకేతపదమునే ఇచ్చి, కార్యాలయపు జాలమును వేరుగా ఉంచవలెను. ఒక్కొక్క ఫోనుకు వేగపు హద్దు విధించు ఏర్పాటు రౌటరులో ఉన్నచో దానిని వాడవలెను. ఒక్కొక్కరికి 2 మెగాబిట్ల హద్దు పెట్టినచో దరఖాస్తు పనికి లోటు రాదు. ఒక్కడే మార్గమునంతను ఆక్రమించుట తప్పును. రౌటరును దిద్దు పుట సంకేతపదము కొన్నప్పటిదే ఉంచరాదు. దానిని వెంటనే మార్చి పంచాయతీ కార్యదర్శివద్ద భద్రపరుపవలెను.

ఇవి యన్నియు చేసినను రద్దీవేళ పెట్టె స్తంభించుచున్నచో అప్పుడు పెద్ద రౌటరును కొనవలెను. వై-ఫై 6 తరగతి రౌటరు ఒకే వంతులో పలు ఫోనులకు చిన్న సందేశములను పంచగలదు. అయితే ఫోనులు కూడ ఆ తరగతివైనపుడే ఈ లాభము పూర్తిగా దక్కును. ఆవరణ పెద్దదైనచో రెండవ పెట్టెను తీగతో కలిపి వేరొక మార్గ సంఖ్యపై నడుపవలెను. తీగ లేకుండ గాలిద్వారానే పొడిగించు చిన్న పరికరములు చవుకగా దొరకును గాని, వానిలో పెక్కు ప్రతి మాటను రెండుమారులు పలుకును. రద్దీచోట అవి రద్దీని ఇంకను పెంచును. తీగతో కొలిచిన వేగమే చాలుట లేదని పుస్తకములోని అంకెలు చెప్పినపుడు మాత్రమే హెచ్చు వేగపు పథకమును కొనవలెను.

పంపకపు నియమములు

ఎంత పెద్ద రౌటరు తెచ్చినను, ఎంత వేగము కొన్నను, పంపకము లేనిచో అది చాలదు. నీటి ఎద్దడివేళ వంతులు నిర్ణయించుకొను అనుభవము మన గ్రామములకు క్రొత్త కాదు. అదే వివేకమును ఇచటను చూపవచ్చును. పంచాయతీ ఒక తీర్మానము చేసి ఈ క్రింది విషయములను నిర్ణయించుట మంచిది.

కార్యాలయపు వేళలలో పింఛను, ధ్రువపత్రములు, దరఖాస్తులు, చెల్లింపులు మొదలగు పనులకే మొదటి హక్కు. వీడియోలు, ఆటలు ఆ వేళలలో కూడవు. సాయంకాలము విద్యార్థులకు ప్రత్యేకముగా రెండు గంటలు. ఫోనులలో ఫొటోలు తమంతట తామే పోవు ఏర్పాటును నిలిపి రావలెనను మాట ద్వారమువద్ద పలకమీద పెద్ద అక్షరములతో వ్రాయవలెను. చదువురానివారికి సిబ్బంది ఒకరు సాయపడవలెను. రౌటరు బాధ్యతయు, నోటుపుస్తకము బాధ్యతయు ఒక్కరికే అప్పగింపవలెను. ఆఖరి తేదీలముందు రద్దీ తప్పదు కావున పెద్దలను, వికలాంగులను ఉదయముననే పిలిచి పని ముగింపవలెను.

నియమము పేరిట ఎవరినిగాని వెలివేయరాదు. వీడియో చూచువాడు దోషి కాదు. అతనికిని ఒక వేళ కేటాయింపవలెను. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పీఎం-వాణి పథకము క్రింద చిన్న దుకాణదారుడు సయితము లైసెన్సు రుసుము లేకుండగనే ప్రజలకు వై-ఫై సౌకర్యము అందింపవచ్చును. ఊరిలో ఇట్టి కేంద్రము మరియొకటి ఏర్పడినచో పంచాయతీ పెట్టెపై భారము తగ్గును. ఈ అవకాశమును గురించి ఉత్సాహవంతులైన యువకులకు సభ్యులు తెలియజెప్పవచ్చును.

తీగ ఊరికి వచ్చుటతో పని ముగియలేదు. కాలువ త్రవ్వినంత మాత్రమున పంట పండదు. నీరు చివరి మడికి చేరినపుడే కాలువ సార్థకము. అట్లే, మధ్యాహ్నవేళ జనమునడుమ నిలుచున్న ఆఖరి వ్యక్తి పని కూడ జరిగినపుడే గ్రామమునకు అంతర్జాలము వచ్చినట్లు. వచ్చు పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చనీయాంశములలో చేర్చి, మరునాటినుండియే నోటుపుస్తకము తెరచెదరని మేము ఆశించుచున్నాము.

చర్చకు ప్రశ్నలు

1. మన కార్యాలయమున సౌకర్యము ఏ వేళ, ఏ రోజులలో ఎక్కువగా ఆగుచున్నది? ఆ సమయమున ఎంతమంది ఉందురు?

2. రౌటరు ఇప్పుడెచట ఉన్నది? దాని అడాప్టరు దానితో వచ్చినదేనా?

3. ఫోనులన్నియు ఆగినపుడు తీగతో కలిపిన కంప్యూటరులో పని జరుగుచున్నదా? దానినిబట్టి లోపము ఎచట నున్నదని తలంపవచ్చును?

4. పాతవారికి పని జరుగుచు క్రొత్తవారికి మాత్రమే జరుగనిచో కారణమేమి? ఖర్చు లేకుండ దానిని ఎట్లు సవరింపవచ్చును?

5. సౌకర్యము నిలిచిన దినమున మన ఊరిలో ఎవరెవరు ఎక్కువగా నష్టపోవుచున్నారు? వారికి మొదటి వంతు కల్పించుటకు ఎట్టి తీర్మానము చేయవలెను?